కేక వేయని రోజు

వల పైకి వచ్చేటప్పటి చప్పుడును బట్టే పడవలో అందరికీ సంగతి తెలిసిపోయింది. పెద్ద సూర చేప డెక్కు మీద పడి తోకతో కొట్టిందంటే చెక్కలు అదురుతాయి. కింద ఇంజిన్ గదిలో ఉన్నవాడి అరికాళ్ళకు కూడా ఆ అదురు తగులుతుంది. ఆ రోజు అదురేమీ లేదు. రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు చిటపటమని ఒకటే చప్పుడు.

స్తంభం మీది తొట్టిలోంచి అతను ఇనుప మెట్లు దిగి వచ్చాడు. సముద్రంలో చేపల గుంపు ఎక్కడుందో దూరం నుంచే కనిపెట్టి కేక వేయడం అతని పని. పడవలో అందరూ అతన్ని డేగ అంటారు. వయసులో చిన్నవాళ్ళు డేగన్న అంటారు. పడవ నడిపే సరంగు అతని సొంత అన్న.

డెక్కు మీద వెండి రంగు కుప్ప ఒకటి కదులుతోంది. చాలామటుకు మోచేతి పొడవు కూడా లేవు. పట్నంలో ట్యూనా అని డబ్బాల్లో పెట్టి అమ్మేది ఈ సూర చేపనే. వలలో ఏమైనా పడినప్పుడు వంటాయన కూడా గరిటె పక్కన పెట్టి వచ్చి చేయి వేస్తాడు. ఆయన ఒక చేపను తీసి, పొట్ట చీల్చి, బొటనవేలితో లోపల తడిమి చూశాడు.

"గుడ్డు కట్టలేదు," అన్నాడు. "ఇదేమిటి, దీన్ని కన్న తల్లి కూడా ఇంకా పెళ్ళికెదిగినట్టు లేదు."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సరంగు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను చేపల వైపు చూడలేదు. గాలి ఎటు వీస్తోందో కనుక్కుంటున్నవాడిలా ఆకాశం వైపు చూస్తూ, "ఐసులోకి తొయ్యండి," అన్నాడు. "ఓనరు అన్న మాట గుర్తుందిగా. ఈసారి కూడా ఐసు గది నిండకుండా వెళితే పడవని పాత ఇనుముకి అమ్మేస్తాడు. చిన్నవో పెద్దవో, గది నిండాలి."

ఇంజిను చూసే మనిషి పార అందుకున్నాడు. డేగ ఒక బుట్ట లాక్కుని కూర్చున్నాడు. చేపలు చేతుల్లో ఇంకా వెచ్చగా ఉన్నాయి. సూర నెత్తురు వేడిగా ఉంటుంది, తక్కిన చేపల్లాగా కాదు. ఒక పిల్ల చేప అతని రెండు అరచేతుల మధ్య నుంచి జారి, డెక్కు మీద దబదబా తోక కొట్టుకుని, చివరికి అతని కాలికి ఆనుకుని ఆగిపోయింది. ఐసు కిందికి వెళ్ళేదాకా దాని కన్ను అతన్ని చూస్తున్నట్టే ఉంది. ఇలాంటి కళ్ళు వేలకు వేలు చూసినవాడు, ఆ ఒక్కదాని ముందు ఎందుకు తల తిప్పుకున్నాడో అతనికే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే టీ తాగి మళ్ళీ స్తంభం ఎక్కాడు. నడుముకు బెల్టు తగిలించుకుని, తొట్టి అంచుకు మోచేతులు ఆనించి నిలబడ్డాడు. మెడలో బైనాక్యులర్స్ ఉంటాయి గాని వాటిని వాడేది తక్కువ. ముందు పక్షుల్ని చూడాలి. పక్షులు తిన్నగా పోతుంటే ఏమీ లేనట్టు. ఒకచోట ముసిరి, కిందికి దూకి మళ్ళీ లేస్తుంటే వాటి కింద చేప ఉన్నట్టు. అప్పుడతను గొంతెత్తి కేక వేసి చెయ్యి చాపుతాడు. కింద అన్న ఆ చెయ్యి ఎటు ఉంటే అటు చక్రం తిప్పుతాడు. మాటలక్కర్లేదు. పడుచుతనం నుంచీ ఇద్దరికీ అదే అలవాటు.

ఎండ కాస్త ఎక్కిన తర్వాత ఎడమ పక్క పక్షులు కనబడ్డాయి. గుప్పెడు బియ్యం గాలిలోకి విసిరినట్టు తెల్లగా లేచి పడుతున్నాయి. వాటి కింద నీరు చూశాడు. పెద్ద చేపలైతే నీటిని చీల్చుకుని ఒక్కొక్కటే పైకి వస్తాయి. ఇక్కడ నీళ్ళ మీద సన్నటి చినుకులు పడుతున్నట్టుంది. మైదానమంత మేర సముద్రం సన్నగా ఉడుకుతోంది. నిన్నటివే, నిన్నటికంటే చాలా ఎక్కువ. ఒక్క వలతో ఐసు గది అంచుదాకా నిండిపోతుంది.

కేక గొంతు దాకా వచ్చింది.

అతని చెయ్యి తొట్టి అంచు మీదే ఉంది. చెయ్యి ఎత్తడానికి ఏమీ అడ్డం లేదు. బెల్టు బిగుతుగా లేదు, భుజం నొప్పి లేదు. అయినా అది లేవలేదు. ఆ ఇనుప అంచును పట్టుకుని వేళ్ళు తెల్లబడిపోయాయి.

కింద నుంచి అన్న తలెత్తి చూశాడు. "ఏమైనా ఉందా?"

"ఏం లేదు," అన్నాడు డేగ.

అన్న ఇంకాసేపు అలాగే చూసి తల దించుకున్నాడు. పడవ తన దారినే పోయింది. ఎడమ పక్క ఆ తెల్లటి గింజలు మెల్లమెల్లగా వెనక్కి జరిగి, సన్నబడి, కనబడకుండా పోయాయి. అవి పూర్తిగా పోయేదాకా అతను మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం వంటాయన పళ్ళేలు సర్దుతుంటే రేడియో గరగరమంది. వెనకాల వస్తున్న ఇంకో పడవ వాళ్ళు గుంపును పట్టుకున్నారు. వల లాగలేక లాగుతున్నామని ఒకడు పాట పాడినట్టు చెబుతున్నాడు. ఎక్కడో చెప్పాడు. పొద్దున తాము దాటి వచ్చిన చోటే.

అందరి తలలూ ఒక్కసారి స్తంభం వైపు తిరిగాయి. డేగ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆఖరి మెట్టు మీద ఉండగానే ఇంజినాయన ఎదురు వచ్చాడు. చేతిలో స్పానర్ అలాగే ఉంది.

"నీ ముక్కు కింద నుంచి పోయిందయ్యా గుంపు! సముద్రం సగం ఉందట! పైన నిలబడి ఏం చేస్తున్నావు, నిద్రపోయావా? మా పిల్లలకి ఏం పెట్టమంటావు, చెప్పు!"

నిజం డేగ నాలుక మీదే ఉంది. అది బయటికి వచ్చేలోపు అన్న వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"వాడి మీద అరవకండి," అన్నాడు. "వాడి కళ్ళు పోతున్నాయి. కొన్నాళ్ళుగా నాకు తెలుసు. మీతో చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. తప్పు నాది."

ఇంజినాయన స్పానర్ దించేశాడు. అతని ముఖంలోంచి కోపం పోయి, దాని చోట వచ్చినదాన్ని డేగ చూడలేకపోయాడు. వంటాయన వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, "ముందు తిను డేగన్నా," అన్నాడు. పళ్ళెం తెచ్చి అతని చేతికి ఊరికే ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుని, పళ్ళెం అంచు ఎక్కడుందో వేళ్ళకు తగిలించి ఇచ్చాడు.

ఆ తర్వాత చేపలు పడలేదు. ఐసు గదిలో ఒక మూల మాత్రం నింపుకుని రేవుకు తిరిగి వచ్చారు. ఓనరు రేవుకు రాలేదు. వల విప్పి దించేయమని మనిషి చేత కబురు పంపాడు.

డేగ నేరుగా ఇంటికి పోలేదు. భార్య పనిచేసే పెద్ద కిరాణా కొట్టుకు పోయాడు. డబ్బాల తిండి ఉండే వరుసలో ఆమె చిన్న పీట వేసుకుని కూర్చుని ఉంది. అట్టపెట్టెను కత్తితో కోసి, ట్యూనా డబ్బాలు ఒక్కొక్కటే తీసి, బొమ్మ ముందుకు వచ్చేలా తిప్పి అలమరలో పెడుతోంది. అతన్ని చూసి చెయ్యి ఆపింది. ఏదో అనబోయింది. ఈలోగా చంకలో పిల్లతో ఒకావిడ వచ్చి, డబ్బా తీసి తిప్పి చూసి అడిగింది.

"ఏమ్మా, ఇదివరకు ఒక డబ్బా తెరిస్తే మా ముగ్గురికీ సరిపోయేది. ఇప్పుడు చెంచా పెట్టగానే అడుగు తగులుతోంది. ఏమైంది దీనికి?"

"కొత్త డిజైనండి," అంది అతని భార్య. పాఠం అప్పజెప్పినట్టు ఉంది గొంతు. "లోపల సరుకు అదేనండి."

"డిజైను సంగతి కాదమ్మా నేనడిగేది. చేప సంగతి."

ఆవిడ డబ్బాను ఠక్కున అలమరలో పెట్టేసింది. రెండడుగులు వేసింది. చంకలో పిల్ల అటు చెయ్యి చాపి ఏడుపు లంకించుకుంది. ఆవిడ తిరిగి వచ్చి, ఎవరి ముఖం వైపూ చూడకుండా అదే డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

"రోజంతా ఇదే," అంది భార్య. ఒక డబ్బాను తిరగేసి అతని చేతిలో పెట్టింది. "చూడు, అడుగు లోపలికి ఎలా నొక్కేశారో. బయటి నుంచి చూస్తే ఎత్తు అంతే ఉంటుంది. అడిగితే కొత్త డిజైను అని చెప్పమన్నాడు మా మేనేజరు. జనం ఆయన్ని తిట్టరు కదా, నన్ను తిడతారు."

అతను ఆ గుంటలో బొటనవేలు పెట్టి చూశాడు. పైన కాగితం మీద పెద్ద చేప ఒకటి నీళ్ళలోంచి ఎగురుతోంది. అంత చేపను అతను చూసి చాలా కాలమైంది. బొమ్మలో మాత్రం అది ఏమీ తగ్గలేదు.

"అక్క ఫోన్ చేసింది," అంది ఆమె ఉన్నట్టుండి. అక్క అంటే సరంగు భార్య, ఆమెకు తోటికోడలు. "నీ కళ్ళ సంగతి ఊరందరికీ తెలిసిన తర్వాత నాకు తెలియాలా? ఒక్క మంచం మీద పడుకునే మనిషిని, నాకు చెప్పాలని తోచలేదా?"

ఆమె కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. అతను డబ్బాను బొమ్మ ముందుకు వచ్చేలా తిప్పి అలమరలో పెట్టాడు.

మర్నాడు ఆమె సెలవు పెట్టి అతన్ని కళ్ళ ఆసుపత్రికి లాక్కుపోయింది. వద్దంటే వినలేదు. బెంచీ మీద కూర్చున్నంతసేపూ అతని చెయ్యి వదల్లేదు. అద్దాలతో పోతుందేమో, చుక్కల మందుతో పోతుందేమో, మా పెదనాన్నకి ఆపరేషన్ చేస్తే మళ్ళీ పేపరు చదివేవాడు అని తనలో తను చెప్పుకుంటున్నట్టు చెబుతూనే ఉంది. అతను తలూపాడు. లోపలికి వెళ్ళాక ఏం చేయాలో అప్పటికే అనుకున్నాడు. పై రెండు వరుసలూ చదివి, ఆ తర్వాత తడబడాలి. కళ్ళు నులుముకోవాలి. అంతే.

డాక్టరమ్మ పడుచు పిల్ల. ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదవమంది. అతను మొదలుపెట్టాడు. రెండో వరుస అయింది. మూడోది మొదలైంది. ఆగాలనుకున్నాడు. జీవితమంతా కనబడినదాన్ని కనబడినట్టు కేక వేసిన నోరు అది. కనబడేదాన్ని కనబడదని ఒక్కసారి చెప్పినందుకే ఇంకా చేదుగా ఉంది. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చేస్తున్నాయి. ఆఖరి వరుస కూడా ఊపిరి తిప్పుకోకుండా చదివేశాడు.

"కింద అంచు మీద అచ్చువేసినవాళ్ళ పేరు ఉంది. అది కూడా చదవమంటారా?" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. ఇంకో కన్ను కూడా చూసి, లైటు వేసి లోపల చూసి, "ఈ కళ్ళు నాకిచ్చేయండి, నావి మీరు తీసుకోండి," అంది. "ఎవరు చెప్పారు వీటికి జబ్బని?"

భార్య అతని చెయ్యి వదిలేసింది.

బయటికి వచ్చి చాలా దూరం నడిచారు. మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది.

"మరి ఏమైంది అక్కడ?"

అతను చెప్పాడు. పక్షులు, ఉడుకుతున్న నీళ్ళు, అన్న అడగడం, తను లేదనడం.

"ఎందుకు?" అంది ఆమె.

"ముందు రోజు వలలో వచ్చినవి చూశాను. ఇంతింత." చేత్తో చూపించాడు. "చెయ్యి చాపితే అన్నయ్య తిప్పేస్తాడు. చాపాలనే అనుకున్నాను. లేవలేదు. అంతకంటే నాకు చెప్పడం రాదు."

"నువ్వు చూడనట్టు ఊరుకుంటే అవి బతికిపోయాయా?"

"లేదు. వెనకాల పడవ వాళ్ళు పట్టుకున్నారు."

ఆమె మెట్టు మీద కూలబడింది. "పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ డబ్బాల ముందు నిలబడి అబద్ధాలాడేది నేను. సముద్రం మీద నువ్వొక్కడివే పుణ్యాత్ముడివి!" అని అరిచింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. చాలాసేపటికి, "పడవ పోయింది. అంతమంది ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతుంది? వంటాయన కూతురు నెలలు నిండి పుట్టింట్లో ఉంది, తెలుసా?" అంది.

"తెలుసు."

"నిన్న ఆయన భార్య మా కొట్టుకొచ్చి, మీ ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమ్మా అని నా గడ్డం పట్టుకుంది. నేను ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది. వెళ్ళు. వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు. తిడితే పడు. కొడితే కొట్టించుకో. ఆ జాలి మాత్రం మనకొద్దు."

అతను రేవుకు వెళ్ళేసరికి వెనకాల వచ్చిన పడవ సరుకు దించుతోంది. గట్టంతా తడి, ఐసు ముక్కలు, కేకలు. కాస్త అవతల తమ పడవ వల లేక బోసిగా ఊగుతోంది. దాని ఎదురుగా, మోకు కట్టే ఇనుప దిమ్మ మీద అన్న కూర్చుని ఉన్నాడు. డేగ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నా కళ్ళకి ఏమీ కాలేదు అన్నయ్యా."

"తెలుసు," అన్నాడు అన్న.

డేగ అతని వైపు తిరిగాడు.

"ఆ పక్షులు నాకూ కనబడ్డాయిరా. అంత గుంపు కనబడకపోవడానికి నేనేమన్నా గుడ్డివాణ్ణా? చక్రం నా చేతిలోనే ఉంది. నువ్వు పిలవకపోయినా తిప్పొచ్చు. ఏమైనా ఉందా అని అడిగాను చూడు, అప్పుడు నువ్వు లేదంటే బాగుండునని అడిగాను. లేదన్నావు. ప్రాణం లేచొచ్చింది."

"మరి నా కళ్ళు పోయాయని ఎందుకు చెప్పావు?"

అన్న అరచేతుల్ని మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "వాడి చేతిలో స్పానర్ ఉంది. కళ్ళు పోయినవాణ్ణి ఎవరూ కొట్టరని తోచింది." తల దించుకుని అన్నాడు: "నీ కోసమే అని చెబితే అబద్ధమవుతుంది. నువ్వు చూసి ఊరుకున్నావని తెలిస్తే, మరి సరంగు ఏం చేస్తున్నాడని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నీ కళ్ళు అమ్మేశాను తమ్ముడూ. ఇక ఏ పడవా నిన్ను స్తంభం ఎక్కనివ్వదు."

డేగకు కోపం రావాలి. రాలేదు. ఇద్దరూ సరుకు దించడం చూస్తూ ఉండిపోయారు. బుట్ట వెనక బుట్ట వస్తోంది. అవే చేపలు. మోచేతి పొడవు కూడా లేనివి. వాటిని లారీలోకి ఎత్తుతున్నారు, డబ్బాల ఫ్యాక్టరీకి.

"ఒక్కటి కూడా మిగల్లేదు," అన్నాడు అన్న. "మనం ఇద్దరం చేసింది ఏమిట్రా?"

బుట్టలు మోసేవాళ్ళలోంచి ఒకడు వీళ్ళను చూసి, బుట్ట దించి, తడిచేతులు చొక్కాకు తుడుచుకుంటూ గబగబా వచ్చాడు. వంటాయన. పరాయి పడవకు రోజు కూలీకి వచ్చినట్టున్నాడు. భుజం మీద బుట్ట ఒరుసుకుని చర్మం లేచిపోయి ఉంది.

"డేగన్నా! ఎవరు తీసుకొచ్చారు నిన్ను ఇక్కడికి? ఇలాంటి చోట ఒంటరిగా తిరుగుతావా? నేల జారుతోంది," అని చెయ్యి పట్టుకున్నాడు. "నీ కోసమే రేపు ఇంటికి రావాలనుకుంటున్నాను. వలలు బాగుచేసే మేస్త్రీతో మాట్లాడాను. ఆ పనికి కళ్ళతో పనేముంది, వేళ్ళు చాలు. నిన్ను పెట్టుకుంటానన్నాడు."

"నాకు కనబడింది," అన్నాడు డేగ.

"ఏమిటి?"

"ఆ రోజు గుంపు కనబడింది. బాగా కనబడింది. నేనే కావాలని పిలవలేదు. పడవ పోయింది నా వల్ల. మీ అందరి కూడూ నేనే పోగొట్టాను."

వంటాయన సరంగు వైపు చూశాడు. డేగ కూడా చూశాడు. సరంగు పెదవులు కదిలాయి. తర్వాత ముఖం నీళ్ళ వైపు తిప్పుకున్నాడు.

వంటాయన నిట్టూర్చాడు. అతని ముఖం ఇంకా మెత్తబడింది.

"ఊరుకో," అన్నాడు. "మా నాన్నా ఇలాగే. ఆఖరిదాకా నాకు కనబడుతోందనే అనేవాడు. గోడకి గుద్దుకుని, గోడే అడ్డొచ్చిందని దాన్ని తిట్టేవాడు. కళ్ళు పోయాయని ఒప్పుకోవడం కంటే తప్పు నెత్తినేసుకోవడమే తేలికనిపిస్తుంది మనిషికి. నిన్ను ఎవరూ ఏమీ అనుకోవడం లేదు డేగన్నా. ఇంజినాయన కూడా ఆ రోజు అరిచినందుకు బాధపడుతున్నాడు."

"నిజంగా చెబుతున్నాను. అదిగో, ఇప్పుడు లారీ ఎక్కిస్తున్న బుట్ట చూడు. పైన ఉన్నదానికి తోక సగం తెగిపోయింది. కనబడుతోంది నాకు."

వంటాయన వెనక్కి తిరిగి చూడలేదు. అతని ముఖాన్నే చూస్తూ, "సరే, కనబడుతోంది. సరేలే," అన్నాడు, జ్వరంలో ఉన్నవాడికి చెప్పినట్టు. "పద, దారి దాకా దిగబెట్టి వస్తాను. నా బుట్ట ఎవరో ఒకరు ఎత్తుతారు."

ఆ చెయ్యి తడిగా, గట్టిగా ఉంది. చేప నెత్తురు వాసన వేస్తోంది. డేగ ఇంకోసారి చెప్పాలని నోరు తెరిచాడు. ఆయన భుజం మీద లేచిపోయిన చర్మం కనబడింది. ఆయన చెప్పుల్లో ఒకదానికి తాడు కట్టి ఉండడం కనబడింది. ఇంట్లో అందరూ ఎవరి సంపాదన కోసం ఎదురుచూస్తున్నారో ఆ మనిషి, కూలీ పోయినా పర్వాలేదని తన కోసం పని వదిలి వచ్చిన మనిషి, తనను జాగ్రత్తగా తడి లేని చోటు వెతికి నడిపించడం కనబడింది. అతను నోరు మూసుకున్నాడు.

"ఆగు ఆగు," అన్నాడు వంటాయన. "ఇక్కడ లావుపాటి మోకు ఉంది అడ్డంగా. కాలెత్తు."

డేగ కాలెత్తాడు. అవసరమైన దానికంటే కొంచెం ఎత్తుగానే ఎత్తి, గాలిలో ఒక్క క్షణం తడుముకుని, మోకు అవతల మెల్లగా దించాడు.